ఎండని కౌలుకిచ్చిన ఊళ్ళు

1992లో అమితావ్ ఘోష్ ఒక సమీక్ష రాశాడు, అబ్దుల్ రహ్మాన్ మునీఫ్ నవల మీద. మిరియాల వ్యాపారం చుట్టూ అంత సాహిత్యం పుడితే, ప్రపంచాన్నే మార్చేసిన చమురు మీద చెప్పుకోదగ్గ నవలలు ఎందుకు లేవు అని అందులో అడిగాడు. ఆ రకం రాతకి ‘పెట్రోఫిక్షన్’ అని పేరు కూడా పెట్టాడు. పాతికేళ్ళ తర్వాత ‘ది గ్రేట్ డిరేంజ్‌మెంట్’లో దాదాపు అదే ఫిర్యాదుని వాతావరణ మార్పు దాకా తీసుకొచ్చాడు.

ఆ ప్రశ్నని మనకి అన్వయిస్తే ఒక చిక్కుంది. తెలుగులో బొగ్గు కథలున్నాయి. అల్లం రాజయ్య లాంటి వాళ్ళు సింగరేణిని లోపల్నుంచి రాశారు. బొగ్గుబాయి కథకుడికి అన్నీ చేతికిచ్చింది: షిఫ్టు సైరన్, దిగినవాడు పైకొస్తాడో లేదోనన్న భయం, సమ్మె, క్వార్టర్లు, అప్పు. ఆ కార్మికుల్ని ‘నల్ల సూర్యులు’ అని పిలుచుకున్నాం కూడా. ఇప్పుడు అసలు సూర్యుడి వంతు వచ్చింది, కథలు మాత్రం రావట్లేదు. నేను చదివినంతలో సోలార్ రెండు చోట్లే కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రకటనలో వెలుగుగా, నిరసన కవిత్వంలో భూకబ్జాగా. రెండిట్లోనూ మనుషులు పలచగానే ఉంటారు.

పావగడనే తీసుకుందాం. ఉన్నది కర్ణాటకలో, కానీ మూడు వైపులా ఆంధ్ర. చాలా ఇళ్ళలో తెలుగే. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకి తీసుకున్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వరుసగా కరువులు చూసి, బోర్లు ఎండి, వేరుశనగ చేతికి రాక బెంగళూరుకి వలసపోయిన రైతుకి ఇది కబ్జా ఎలా అవుతుంది? అతను ఇష్టంగానే సంతకం పెట్టి ఉంటాడు. నేనైనా పెట్టేవాణ్ణి.

సింగమనేని నారాయణ నుంచి ఇటు సీమ కథల్లో ఎండ విలన్. ఆకాశం వైపు చూసే రైతు మనకి ఎంత అలవాటంటే, ఆ బొమ్మ వేయడానికి రెండు వాక్యాలు చాలు. పావగడలో ఆ బొమ్మ తలకిందులైంది. అక్కడ మబ్బు పడితే నష్టం కంపెనీది. ఎండ ఆస్తి. మన కరువు కథ పనిముట్లు ఇక్కడ పనిచేయవు.

మరి కష్టం ఎవరిది? పట్టా లేనివాళ్ళది. కలుపు తీసినవాళ్ళు, కాయలు పీకినవాళ్ళు, బీళ్ళలో గొర్రెలు మేపుకున్నవాళ్ళు. కౌలు పట్టా ఉన్నవాడికి వస్తుంది. కూలి చేసిన చేతికి రాదు. థర్మల్ ప్లాంటు, దాని వెనక గని కలిస్తే వేల ఉద్యోగాలు. సోలార్ పార్కుకి కట్టేటప్పుడు జనం కావాలి, కట్టాక పెద్దగా అక్కర్లేదు. ప్యానెళ్ళు కడగడం, కింద గడ్డి కోయడం, గేటు దగ్గర కాపలా. సమ్మె చేద్దామన్నా ఎవరి పని ఆపాలి? ఎండనా?

(సాయంత్రం ఆరు దాటాక కరెంటెలా అని అడిగేవాళ్ళుంటారు. బ్యాటరీలున్నాయి, పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ ఉంది. అది లెక్కల సమస్య, ఖర్చయినా తేలుతుంది. నాకు దాని మీద పెద్ద బెంగ లేదు.)

చమురు ప్రపంచం నానా భాషలది, చెదిరిపోయినది, నవలకేమో ఒక ఊరు, ఒక భాష ఉంటేనే సుఖం అని ఘోష్ సంజాయిషీ. పావగడకీ అది కొంత వర్తిస్తుంది. కానీ ‘డిరేంజ్‌మెంట్’లో ఆయన ఇంకో మాటంటాడు: తుపానులాంటి అసాధారణ ఘటనల్ని మామూలు వాస్తవిక నవల మొయ్యలేదని. ఇక్కడే నేను విడిపోతాను. పావగడలో అసాధారణం ఏదీ జరగలేదు. కాగితాల మీద సంతకాలయ్యాయి, కంచె వేశారు, అంతే. ఈ మార్పుని పట్టుకోవాలంటే ఇల్లూ వాకిలీ, అన్నదమ్ముల లెక్కలూ రాసే పాతకాలపు వాస్తవికతే కావాలి. అన్నకి పంచిన చేను కంచె లోపల పడింది, తమ్ముడిది గట్టు ఇవతల మిగిలింది. ఒకరికి ఏటా డబ్బు, ఇంకొకరికి మళ్ళీ వాన కోసం చూపు. వాళ్ళిద్దరి చేలల్లోనూ పాతికేళ్ళు కలుపు తీసిన ఆమె ఇప్పుడు ప్యానెళ్ళ కింద గడ్డి కోసే పని దొరుకుతుందేమోనని గేటు దగ్గర నిలబడి ఉంది. తెలుగులో ఈ కథ ఆమె వైపు నుంచి చదవాలని నాకు ఆశ.