ఎదిగే పిల్లకి కొలత ఎవరు తీస్తారు?

మా పాపని మూడో తరగతి మధ్యలో బడి మాన్పించాను. ఎక్కం తప్పు చెప్పిందని గంటసేపు బెంచీ మీద నిలబెట్టారు. ఆ రాత్రి నిద్రలో కూడా అదే ఎక్కం అప్పజెబుతుంటే విని, ఇక పంపకూడదనుకున్నాను. అప్పటికి నా దగ్గరున్న పెట్టుబడి రెండే. ఒకటి, సాహిత్యంలో డాక్టరేటు. రెండోది, పిల్లల 'అభ్యసన శైలి' గురించి చదివిన నాలుగు పుస్తకాలు. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేతులతో చేసి. ఎవరి ధోరణి ఏమిటో కనిపెట్టి దానికి తగ్గట్టు పాఠాలు తయారుచేస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందని వాటి సారాంశం.

ఎక్కాలు రాని ఆ పిల్లే, పాయకరావుపేటలో మా అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని టేపు మీద అర, పావు, ముప్పావు అంగుళాలు తడుముకోకుండా కలిపేస్తోంది. నాకింకేం సాక్ష్యం కావాలి? 'ఇది చేతులతో నేర్చుకునే పిల్ల' అని తీర్మానించి గోడకి టైంటేబులు అతికించాను. లెక్కలు టేపుతో, బట్టముక్కలతో. సాంఘికశాస్త్రం తాండవ నది మీది వంతెన దగ్గర. ఇటు మా అనకాపల్లి జిల్లా, అటు తుని, కాకినాడ జిల్లా అని చూపిస్తే సరిహద్దు అంటే ఏమిటో పటం లేకుండానే దానికి అర్థమైంది. నాకు గర్వంగానే ఉండేది. కథల పుస్తకాలు మాత్రం పై అరలో పెట్టేశాను. చదవడం దాని ధోరణి కాదు కదా!

ఒకరోజు అడిగింది: "అమ్మా, ఆ పుస్తకాలన్నీ నీకొక్కదానికేనా?"

ఆ వారంలోనే ఒక వ్యాసం కోసం రూసో 'ఎమీల్' మళ్ళీ తీశాను. 1762లో వచ్చిన ఈ పుస్తకం, పిల్లల స్వభావాన్ని అనుసరించి బడి బయట చదువు చెప్పాలనే ఆలోచనకి మూలగ్రంథం లాంటిది. ఎమీల్‌కి బడి లేదు, బట్టీ లేదు. చిన్నతనమంతా పుస్తకాలూ లేవు. తర్వాత చేతికొచ్చే మొదటి పుస్తకం 'రాబిన్‌సన్ క్రూసో'. చూసి, తాకి, చేసి నేర్చుకుంటాడు. వడ్రంగం కూడా పడతాడు. ఎమ్మే రోజుల్లో ఈ మొదటి భాగాలు నన్ను ఊపేశాయి. కానీ చివరిదైన అయిదో భాగంలో ఎమీల్‌కి భార్య కాబోయే సోఫీ వస్తుంది. ఆమె చదువు కూడా 'స్వభావాన్ని' అనుసరించే సాగాలి. కాకపోతే ఆ స్వభావమేమిటో రూసో ముందే తేల్చేశాడు: మగవాణ్ణి మెప్పించడం, అతనికి ఉపయోగపడటం. ఆడపిల్లలు చదవడానికీ రాయడానికీ మొరాయిస్తారట. సూది మాత్రం ఇష్టంగా పడతారట.

అక్కడ ఆగిపోయాను. వసారాలో మా పాప సూదిలో దారం ఎక్కిస్తోంది. దాన్నక్కడ కూర్చోబెట్టింది నేనే.

ఇక్కడ సూది తప్పేం లేదు. మా అమ్మ ఆ సూదితోనే నన్ను చదివించింది. తప్పల్లా, ఒక పిల్ల ఇవాళ ఇష్టపడుతున్న పనిని ఆ పిల్ల శాశ్వత స్వభావంగా రాసిపెట్టడంలో ఉంది. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో రూసోతో తలపడింది ఈ విషయం మీదే. ఆడవాళ్ళ స్వభావమని మీరు చూపిస్తున్నది, మీరిచ్చిన పెంపకం ఫలితమే అన్నది ఆమె వాదన. మన స్త్రీవిద్య చర్చల్లోనూ ఇదే జరిగింది. ఆడవాళ్ళకి చదువు కావాలా వద్దా అన్న ప్రశ్న సద్దుమణిగాక, ఎంత చదువు, ఏ చదువు అన్న ప్రశ్న మిగిలింది. మంచి ఇల్లాలినీ మంచి తల్లినీ తయారుచేసేంత వరకే అన్న జవాబు సంస్కర్తల నోటా వినిపించింది. కొలత తీసి కుట్టిన చదువు మన ముందుతరాలకి కొత్తేం కాదు. ఆ కొలత తీసిన చెయ్యే వాళ్ళది కాదు.

ఆ చెయ్యిని తోసేసిన మనిషి భండారు అచ్చమాంబ (1874-1905). బడి మొహం చూడలేదు. చిన్నప్పుడే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువుకుంది. తెలుగుతో ఆగకుండా హిందీ, మరాఠీ వంటి భాషలు నేర్చింది. ఆమెకి తగిన చదువేదో ఎవరైనా ముందుగా నిర్ణయించి ఉంటే అందులో ఇన్ని భాషలుండేవా? ఆ భాషల్లో చదివిన చరిత్రలతోనే 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చి, స్త్రీలు సహజంగానే బలహీనులు, మందబుద్ధులు అన్న మాటని ఒక్కొక్క జీవితాన్నీ ఉదాహరణగా చూపి కొట్టిపారేసింది. 'సహజంగా' అన్న మాటతోనే ఆమెకి పేచీ. ఇంటి చదువుకి మన భాషలో ఇంతకన్నా గొప్ప దాఖలా నాకు తెలీదు.

ఇదంతా ఆలోచిస్తూ 'రైలుబడి' మళ్ళీ చదివాను. కురొయనాగి టెట్సుకో 1981లో ప్రచురించిన 'తొత్తొచాన్' మనకి ఈ పేరుతోనే దగ్గరైంది. కొబయాషి మాస్టారి తొమోయె బడిలో రోజూ ఉదయం ఆ రోజు చెయ్యాల్సిన పాఠాలన్నీ బోర్డు మీద రాస్తారు. దేనితో మొదలుపెట్టాలో పిల్లలే ఎంచుకుంటారు. ఏ పాఠాన్నీ ఎవరికీ దూరం చెయ్యరు. వరస మాత్రం పిల్లల చేతిలో ఉంటుంది. నేను చేసిన పనికీ దీనికీ తేడా అక్కడుంది. నేను మా పాపకి నచ్చిందేదో కనిపెట్టి మిగతావన్నీ తీసేశాను. మాస్టారు అన్నీ ఉంచి, ఏ పిల్ల దేనితో మొదలుపెడుతోందో గమనించాడు.

విజ్ఞానశాస్త్రం కూడా నా టైంటేబులు పక్షాన లేదు. హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఈ అభ్యసన శైలుల మీది పరిశోధనల్ని వడపోశారు. పిల్లలకి ఇష్టాయిష్టాలు ఉన్న మాట నిజమే గానీ, శైలిని బట్టి పాఠం మారిస్తే బాగా నేర్చుకుంటారనడానికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. నేను శాస్త్రం అనుకుని గోడకి అతికించింది ఒక చీటీ మాత్రమే.

'రైలుబడి'లో నన్ను పట్టి ఊపిన మనిషి మాస్టారు కాదు, తొత్తొచాన్ తల్లి. మొదటి బడి నుంచి కూతుర్ని వెళ్ళగొట్టారన్న మాట, ఆ పిల్లకి ఇరవయ్యేళ్ళు నిండేదాకా ఆమె చెప్పలేదు. చేదంతా తన కడుపులో దాచుకుని వేరే బడి వెతికింది. పుస్తకం మూసేశాక మనకి గుర్తుండేది మాత్రం మాస్టారే. భావనగర్‌లో బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకాని జనం ప్రేమగా 'మీసాల అమ్మ' అన్నారు. మగవాడు తల్లి పని చేస్తే బిరుదొస్తుంది. తల్లి చేస్తే అది పనిగానే లెక్కకి రాదు. రూసో గురువు పగలూ రాత్రీ ఎమీల్‌తోనే ఉంటాడు. ఆ ఇంట్లో అంట్లెవరు తోముతారన్న బెంగ పుస్తకానికి లేదు. రాసినాయన తన అయిదుగురు బిడ్డల్నీ పుట్టగానే అనాథాశ్రమానికి పంపేశాడు.

ఈ రెండేళ్ళలో నేను రాయాల్సిన పుస్తకం రెండో అధ్యాయం దాటలేదు. అయినా నాది వెసులుబాటున్న బతుకు. విద్యాహక్కు చట్టం (2009) పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అన్నదే గానీ ఇంటి చదువు ఊసెత్తలేదు. సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) మూడు, అయిదు, ఎనిమిది తరగతులకి సమానమైన పరీక్షలు పెడుతుంది కాబట్టి మాలాంటివాళ్ళకి దారి దొరికింది. పెంటకోటలో చేపలమ్ముకునే తల్లికి ఈ దారితో పనేముంది? ఆమెకి బడివేళలే ఊపిరి, బడిలో పెట్టే అన్నమే భరోసా. ఇంటి చదువు గొప్పదనం గురించి మాట్లాడే ముందు, ఆ బడి గుమ్మం తొక్కడానికే పోరాడాల్సి వచ్చిన దళిత ఆడపిల్లల్ని తలుచుకోకపోతే మన మాటకి విలువుండదు.

టైంటేబులు చింపేశాను. పుస్తకాలు కింది అరలోకి వచ్చాయి. పాప మొదట బొమ్మలు చూసింది, తర్వాత చదివింది, కొన్నిటిని విసిరేసింది. ఇప్పుడు వారంలో మూడ్రోజులు వాళ్ళ నాన్న చెబుతున్నాడు. "ఆ బాబుకి ఎంత ఓపికో!" అని వీధిలో మెచ్చుకుంటున్నారు. నన్నెవరూ ఆ మాట అనలేదు.

మొన్న అమ్మ పాపకి గౌను కుడుతోంది. ఇంత వదులుగా ఎందుకన్నాను.

"ఎదిగే పిల్లకి ఒంటికి అతికినట్టు కుట్టకూడదే. లోపల రెండంగుళాలు మడిచి వదిలెయ్యాల. ఆర్నెల్లకి అదే ఊడదీసుకుంటాది," అంది తలెత్తకుండానే.

పాప ఆ మడతని టేపుతో కొలిచింది. రెండు కాదు, రెండుంపావు ఉందట. నోటుపుస్తకం తెచ్చి రాసుకుంది.