చిటికి కట్టిన కథలు

అల్లినవాడి ఊహ ఎంత దూరం పోగలదో తెలియాలంటే తేలియా రుమాలును చూడాలి. గళ్ళ మధ్య ఏనుగు, సింహం, చేప ఉంటాయి. గత శతాబ్దపు రుమాళ్ళలోనైతే గడియారాలు, విమానాలు కూడా కనిపిస్తాయి! విమానాన్ని చూసి, దాన్ని నాలుగు పలకల గడిలో పోగులతో దింపినవాణ్ణి కథకుడు అనక ఇంకేమనాలి?

చీరాలలో పుట్టిన ఈ పనితనాన్ని ఇప్పుడు నిలబెడుతున్నది తెలంగాణలోని పుట్టపాక. అరబ్బు దేశాలకు ఓడలెక్కిన రుమాలు ఇది. హైదరాబాద్ పాతబస్తీలో నిజాం అంతఃపురపు స్త్రీల తలమీద దుపట్టా అయింది. తీరంలో జాలరి నడుముకు లుంగీ అయింది. ఇంతమందికి ఒకేలా నప్పిన గుడ్డ మరొకటి నాకు తెలియదు.

పనంతా నూలు దగ్గరే మొదలవుతుంది. నువ్వుల నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి, నూలును అందులో పిసికి ఎండబెట్టాలి, మళ్ళీ పిసకాలి. రోజుల తరబడి ఇదే పని. అప్పుడే ఎరుపు పోగు లోపలికి దిగి నిలుస్తుంది. ఆ నూనె వాసన ఎన్ని ఉతుకులకూ పూర్తిగా పోదు. పూర్వం ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, తర్వాత అలిజరిన్ వచ్చింది. తర్వాత చిటికి కట్టడం, అంటే ఇక్కత్ పని. రంగు తగలకూడని చోట పోగుల్ని బిగించి కడతారు, ముంచుతారు, విప్పుతారు, మళ్ళీ కడతారు. అదీ పడుగుకూ పేకకూ రెండింటికీ! మగ్గం మీద పేక ఒక్క నూలు పక్కకు జరిగిందా, సింహం మొహం చెదిరిపోతుంది. బొమ్మ మొత్తం నేతకు ముందే నేతగాడి తలలో ఉండాలి. పుట్టపాక గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఇదే పద్ధతిలో నేసే గుజరాత్ పటాన్ పటోలాకు దేశమంతా చేతులు జోడిస్తుంది, జోడించనివ్వండి. మా రుమాలు దానికి ఒక్క పోగు కూడా తీసిపోదు.

ఈ నేత నేసే పద్మశాలీలకు రంగుతో పాటు కథ కూడా కులవిద్యలాగే అందింది. వాళ్ళ పురాణం చెప్పడానికి కూనపులివాళ్ళు పొడవాటి పటం భుజాన వేసుకుని వస్తారు. పటం గీసేది నకాషీలు. కూనపులివాళ్ళు ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ నడుపుతారు. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి పులినెక్కి తిరగడం, సూర్యుని బిడ్డ భద్రావతిని పెళ్ళాడటం, తామరతూడు నుంచి నూలు తీయడం అన్నీ అందులో ఉంటాయి. రాక్షసుణ్ణి చంపి, వాడి నెత్తురుతో నూలుకు రంగులద్దాడనీ చెబుతారు. రంగు గాబు దగ్గర రోజంతా నిలబడేవాడికి ఇంతకన్నా గొప్ప అద్భుతగాథ ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఈ రెండు విద్యలనూ ఇవాళ ఒకే దొంగ దోచుకుంటున్నాడు. పాతబస్తీ పత్తర్‌గట్టిలో, మదీనా కూడలి చుట్టుపక్కల ఇక్కత్ పేరుతో గుట్టలుగా అమ్ముడుపోతున్నది యంత్రం గుద్దిన అచ్చు. తేలియాకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ ఆ కాగితం అంగట్లో మోసాన్ని ఆపలేదు. నెలల కష్టాన్ని పూటలో అచ్చేసి, అదే పేరుతో అమ్మడం వ్యాపారం కాదు, దొంగతనం! అచ్చుగుడ్డ కొన్న ప్రతిసారీ ఒక ఇంట్లో పిల్లలు చిటికి కట్టడం నేర్చుకోకుండా పోతారు. నేత ఇళ్ళల్లో రాబడి పడిపోయాక కూనపులివాళ్ళకూ పిలుపులు తగ్గాయి.

కాబట్టి కొనేముందు గుడ్డను తిరగేయండి. నిజమైన ఇక్కత్‌లో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త అలికినట్టుంటాయి. అచ్చయితే వెనక వెలిసిపోయి ఉంటుంది. పద్మశాలి ఇళ్ళల్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు బాజాభజంత్రీలకు ఇచ్చేదాంట్లో కొంత తీసి కూనపులివాళ్ళను పిలవండి. పటం పూర్తిగా విప్పించండి, కథ మధ్యలో ఆపించకండి.