గీసినవారు, లెక్కగట్టినవారు, కట్టినవారు

తెలుగులో కట్టడానికీ కట్టించడానికీ తేడా ఉంది. షాజహాన్ తాజమహలు ‘కట్టించాడు’ అని పాఠ్యపుస్తకం రాస్తుంది. ఆ ‘ఇంచు’ అన్న చిన్న ప్రత్యయంలో ఒక పెద్ద ఒప్పుకోలు ఉంది. కట్టినవాళ్ళు వేరే ఉన్నారని భాషే ఒప్పుకుంటున్నది. అయితే ఆ వేరేవాళ్ళు ఎవరో చెప్పే బాధ్యత వ్యాకరణం తీసుకోదు. ఆ ఖాళీని చూపించి నిలదీసిన కవిత శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’. మన అభ్యుదయ విమర్శకు అది పునాది ప్రశ్న. కాని దశాబ్దాలుగా మనం ఆ ప్రశ్నను ఉటంకిస్తూ వచ్చినంతగా దానికి జవాబు వెతకలేదు. జవాబు వెతకని ప్రశ్న క్రమంగా అలంకారమై కూర్చుంటుంది.

ఇంకొక లోపం కూడా ఉంది. మన విమర్శకు ఇద్దరే తెలుసు. ఒకరు స్రష్ట, మరొకరు కూలీ. ఒకరికి ప్రతిభ, మరొకరికి చెమట. ఈ ఇద్దరి నడుమ నమూనాలు గీసేవారు, బరువులు లెక్కగట్టేవారు, అచ్చులు పోయించేవారు, ధ్వనిని కొలిచేవారు ఉంటారు. ఆధునిక కాలంలో ఏ పెద్ద కళానిర్మాణమైనా వీళ్ళ చేతుల మీదుగానే నడుస్తుంది. వీళ్ళను వదిలేస్తే రూపం ఎలా పుట్టిందో అర్థం కాదు. ఈ మాట రుజువు చేయడానికి సంగీతశాల నిర్మాణం మంచి ఉదాహరణ. అందులోనూ సిడ్నీ ఒపెరా హౌస్‌ను తీసుకుంటున్నాను, దాని వెనుక పనిచేసినవారి గురించి తగినంత నమోదై ఉంది కనుక.

ముందు వాస్తవాలు చూద్దాం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం ఒక సంగీత నాటకశాల కోసం అంతర్జాతీయ పోటీ పెట్టింది. 233 నమూనాలు వచ్చాయి. 1957 జనవరిలో డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ గెలిచాడు. ఈ పథకాన్ని పట్టుబట్టి ముందుకు నడిపిన రాష్ట్ర ప్రధాని జోసెఫ్ కాహిల్ లేబర్ పార్టీ నాయకుడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి, 1917 సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. మొదటి అంచనా ఖర్చు 70 లక్షల డాలర్లు. 1973 అక్టోబరు 20న ప్రారంభమయ్యేనాటికి అయిన ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. అందులో అత్యధిక భాగం ప్రత్యేక లాటరీ ద్వారా వచ్చింది. అంటే అదృష్టం కోసం టిక్కెట్టు కొన్న సామాన్యుడి డబ్బుతో ఆ భవనం లేచింది.

ప్రచారంలో ఉన్న కథ మరొకటి. మహాశిల్పి ఒక స్వప్నం కన్నాడు. 1965లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రజాపనుల మంత్రి డేవిస్ హ్యూస్ చెల్లింపులు బిగబట్టాడు. 1966 ఫిబ్రవరి 28న ఉట్జన్ తప్పుకొని, దేశం విడిచి, తన సృష్టిని పూర్తయిన రూపంలో చూడకుండానే 2008లో కన్నుమూశాడు. ఇందులో అబద్ధం లేదు. ఉట్జన్‌ను తిరిగి తీసుకోవాలని వీధిలోకి వచ్చినవారిలో నవలాకారుడు పాట్రిక్ వైట్ కూడా ఉన్నాడు. కళాకారుడి పక్షాన నిలబడటం రచయితల కర్తవ్యమే. అయితే ఈ కథలో ఇద్దరే పాత్రలు: ప్రతిభ, అధికారం. పాత రాజుల కథల్లోని కవీ ప్రభువూ వేషం మార్చుకొని వచ్చినట్టుంది. నడుమ పనిచేసినవాళ్ళంతా తెర వెనుకే ఉండిపోయారు.

ఆ తెర తొలగించి చూద్దాం. లోకమంతా గుర్తుపట్టే ఆ తెరచాపల్లాంటి కప్పులు ఎక్కడ పుట్టాయి? ఉట్జన్ గీతలో అనేది మొదటి జవాబు. కాని పోటీకి పంపిన గీత గీతగానే కట్టడానికి వీలైనది కాదు. ఆ వంపులకు క్షేత్రగణిత సూత్రం లేదు. ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఉట్జన్‌తో కలిసి కొన్నేళ్ళపాటు ఒక రూపం తర్వాత మరొక రూపం పరీక్షించారు. 1961లో దారి దొరికింది. కప్పులన్నీ ఒకే గోళం ఉపరితలం నుంచి కోసిన ముక్కలుగా భావించాలి. ఆ గోళం వ్యాసార్ధం దాదాపు 75 మీటర్లు. వంపు అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు కొద్దిపాటి అచ్చులతోనే పక్కటెముకల్లాంటి కాంక్రీటు భాగాలను పదేపదే పోయవచ్చు. ఈ ఆలోచన మొదట ఎవరికి తట్టింది అన్న వాదన వాస్తుశిల్పి పక్షానికీ ఇంజనీర్ల పక్షానికీ మధ్య చాలాకాలం నడిచింది. నా దృష్టిలో ఆ వాదనే అసలు సంగతి చెబుతున్నది. ఎవరిదో తేల్చలేనంతగా ఆలోచనలు కలిసిపోయిన చోటే ఆ రూపం పుట్టింది.

గీత లెక్కగా మారిన తర్వాత లెక్క కట్టడంగా మారాలి. ఆ పని చేసింది హార్నీబ్రూక్ నిర్మాణ సంస్థ మనుషులు. బరువైన కాంక్రీటు భాగాలను అంత ఎత్తున నిలిపి ఉంచడానికి, ముందుకు జరుపుకుంటూ పోగల ఉక్కు కమాను కావలసివచ్చింది. దాని లెక్కలు వేసినవాడు జో బెర్టనీ. రెండో ప్రపంచయుద్ధంలో నాజీల నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన ఇంజనీరు. వేల సమీకరణాలు చేత్తో వేశాడు. తర్వాత కంప్యూటరుతో సరిచూస్తే అవి నిలబడ్డాయి. కప్పుల మీది పెంకుల సంఖ్య 10 లక్షలు దాటింది. మొత్తం మీద అక్కడ దాదాపు 10,000 మంది పనిచేశారు. ప్రభుత్వం తొందరపడి, నమూనా పూర్తికాకముందే 1959లో పని మొదలుపెట్టించింది. ఫలితంగా మొదటి దశలో పోసిన స్తంభాలు కప్పుల బరువుకు చాలలేదు. కొన్నిటిని పగలగొట్టి మళ్ళీ పోశారు. తొందర ఒకరిది, రెండుసార్లు చేసిన చాకిరీ మరొకరిది.

ఆ కట్టడంలో మొదటి కచేరీ రాజకుటుంబం ఎదుట జరగలేదు. 1960 నవంబరు 9న పాల్ రాబ్సన్ ఇనుప చట్రాల మధ్యకు వచ్చి, మధ్యాహ్న విరామంలో అన్నాలు తింటున్న కార్మికుల ఎదుట పాడాడు. అమెరికా ప్రభుత్వం 1950 నుంచి 1958 దాకా పాస్‌పోర్టు లేకుండా చేసిన నల్లజాతి గాయకుడు ఆయన. ఉరిశిక్షకు బదులు తుపాకీగుండ్లతో ప్రాణం తీయబడిన కార్మిక నాయకుడు జో హిల్ మీది పాట కూడా పాడాడు. పైకప్పు లేదు, ధ్వనిశాస్త్రం లేదు, టిక్కెట్టు లేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1972లో, అదే స్థలంలో రంగస్థల యంత్రాల పనిచేస్తున్న కార్మికులు తొలగింపును ఎదిరించి, పనిని తామే చేతుల్లోకి తీసుకొని, తమ ఫోర్‌మన్లను తామే ఎన్నుకొని కొన్ని వారాలు నడిపారు. పైవాడు లేకపోతే పని ఆగుతుందన్న నమ్మకాన్ని ఆ వారాలు పరీక్షకు పెట్టాయి. ఈ రెండు సంఘటనలూ భవనచరిత్రలో పక్క ముచ్చట్లుగా మిగిలిపోవడం న్యాయం కాదు.

ఇక 1966 తర్వాత సంగతి. ఉట్జన్ స్థానంలో ముగ్గురిని నియమించారు. రూపకల్పన పీటర్ హాల్‌ది, నిర్మాణ పత్రాలు లయొనెల్ టాడ్‌వి, పర్యవేక్షణ డేవిడ్ లిటిల్‌మోర్‌ది. హాల్‌కు అప్పటికి ముప్పై అయిదేళ్ళు దాటలేదు. ఉట్జన్‌ను కొనసాగించాలన్న విజ్ఞాపన మీద సంతకం చేసినవాడే ఆ కుర్చీలో కూర్చోవలసివచ్చింది. వృత్తిలోని చాలామంది దాన్ని ద్రోహంగా చూశారు. అతనికి చేతికొచ్చినది ఏమిటి? బయట అద్భుతమైన కప్పులు, లోపల ఖాళీ. పెద్ద హాలు ఒపెరాకూ కచేరీకీ రెండింటికీ పనికిరావాలన్నది మొదటి షరతు. ముఖ్య వినియోగదారు అయిన ఆస్ట్రేలియా ప్రసార సంస్థ తన వాద్యబృందానికి మరింత నాదం నిలిచే హాలు, సుమారు 2,800 సీట్లు కావాలంది. రెండు కోరికలూ ఒకే గదిలో ఇమడవు. చివరికి పెద్ద హాలు కచేరీలకే అయింది. అప్పటికే అమర్చిన రంగస్థల యంత్రాలు విప్పేశారు. ఒపెరా చిన్న హాలుకు పోయింది. అక్కడ వాద్యకారులు కూర్చునే గుంట ఇరుకు.

కచేరీ హాలు ధ్వని గురించి ఫిర్యాదులు దశాబ్దాలపాటు వినిపించాయి. ఎత్తయిన కప్పు కింద వాద్యకారులు ఒకరినొకరు సరిగా వినలేకపోయేవారు. 2020 నుంచి 2022 దాకా హాలు మూసి, పైన వేలాడే పారదర్శక వలయాలు తీసేసి, కొత్త పలకలు అమర్చి, వేదికను సరిదిద్దిన తర్వాతగాని పరిస్థితి మారలేదు. దీన్ని చూపి ‘ఉట్జన్ ఉండి ఉంటే’ అనేవారున్నారు. ఆ వాదన సులువైనది. షరతులు పెట్టినవారి వైరుధ్యాన్ని అది ఒక ఉద్యోగి తలమీద రుద్దుతుంది. కచ్చితంగా చెప్పగలిగింది ఇంతే: గీసేవాడూ లెక్కగట్టేవాడూ పోతపోసేవాడూ ఒకరి మాట ఒకరు విన్నకాలంలో పుట్టిన భాగం ఒక తీరుగా ఉంది; సంబంధాలు తెగిపోయిన తర్వాత పుట్టిన భాగం మరొక తీరుగా ఉంది. మనుషుల మధ్య సంబంధం రూపంలోనే కనిపిస్తుంది. వస్తురూపాల గురించి మనం చేసే చర్చలో లేనిది ఈ మూడోది: ఉత్పత్తి సంబంధం.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, ఇలా చూస్తే కళాకారుడి ప్రతిభ కరిగిపోదా అని. కరగదు. 233 నమూనాల్లో గెలిచినది ఒక్కటే. ఆ మొదటి గీత లేకపోతే లెక్కగట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ప్రతిభ అంటే ఇతరుల పనిని ఆహ్వానించే శక్తి కూడా అని తెలుస్తుంది. రెండో ఆక్షేపణ బలమైనది. అందరినీ ‘బృందం’ అనేస్తే వర్గభేదం మాయమవుతుంది కదా? నిజమే. బృందం అన్నది యజమానులకు ఇష్టమైన మాట. అందరం ఒకటే అంటూ, ఎవరిని ఎప్పుడు తీసేయాలో నిర్ణయించే హక్కును మాత్రం తమ దగ్గర ఉంచుకుంటారు. సిడ్నీలో వాస్తుశిల్పికి ఫీజు ఆగింది, కార్మికుడికి పని పోయింది. రెండు దెబ్బలూ సమానం కావు. ఉట్జన్‌కు 2003లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, 2004లో ఆ భవనంలోనే ఒక గదికి ఆయన పేరు పెట్టారు. హాల్ 1995లో పెద్దగా గుర్తింపు లేకుండానే పోయాడు. స్తంభాలు రెండుసార్లు పోసినవాళ్ళ పేర్లు ఏ గదికీ లేవు. కాబట్టి బృందాన్ని వర్ణించడమంటే పేర్ల జాబితా ఇవ్వడం కాదు. ఎవరు ఎవరి మాట వినవలసి వచ్చింది, ఎవరి తప్పుకు ఎవరు మూల్యం చెల్లించారు అన్నది చెప్పాలి.

మన సాహిత్యవిమర్శకు దీనితో పనేమిటి అని విద్యార్థులు అడగవచ్చు. నాటక సమీక్షలు తిరగేయండి. రచయితకు మూడు పేజీలు, దర్శకుడికి ఒక పేరా, దీపాలవారికీ మేకప్‌వారికీ కలిపి ‘తమ బాధ్యత నిర్వహించారు’ అనే ఒక్క వాక్యం. పాటల విమర్శలో కవి ఉంటాడు. బాణీ కట్టినవాడు, కోరస్ పట్టినవారు ఉండరు. సామూహిక కళ మనదని చెప్పుకుంటూ వ్యక్తి సంతకాన్నే కొలుస్తున్నాం. ఈ విషయంలో మన సమీక్షకూ పాఠ్యపుస్తకానికీ పెద్ద తేడా లేదు. ఒక ప్రదర్శన గురించి రాయబోయే విమర్శకుడు తెర లేచాక ఏం జరిగిందో చూడటంతో పాటు, తెర కట్టినవాడితో అరగంట మాట్లాడాలి. ఏ సన్నివేశం ఎవరి సూచనతో మారింది, ఏ దీపం డబ్బుల్లేక తగ్గింది అని అడగాలి. అది తెలిస్తే రూపవిశ్లేషణ ఊహాగానం కాకుండా ఉంటుంది.

‘కట్టించాడు’ అన్న క్రియలో భాష మనకొక ఖాళీని వదిలిపెట్టింది. ఆ ఖాళీలో పేర్లూ పనులూ జీతాలూ నింపడం విమర్శకుడి పని.