దింపు రోజు పొద్దున

కోనసీమలో మా పెరట్లో తొమ్మిది కొబ్బరిచెట్లున్నాయి. తెల్లారగట్ల వాటి కింద మడతకుర్చీ వేసుకుని కాఫీ తాగడం నాకున్న ఒకే ఒక్క విలాసం. గాలి లేకపోయినా పైన ఎక్కడో ఒక ఆకు మాత్రం ఆడుతూ ఉంటుంది. ఈ ప్రశాంతత అంతా చెట్ల పుణ్యమే అనుకునేవాణ్ణి. సగం మా దింపు మనిషిది.

రెండు నెలలకోసారి, ఎండెక్కకముందే వస్తాడు. కాళ్లకు తాడు బంధం, నడుముకు కత్తి, అంతే సరంజామా. చెట్టును వాటేసుకుని, పాదాలు రెండూ ఒక్కసారే పైకి లాక్కుంటూ మూడంతస్తుల ఎత్తు ఎక్కేస్తాడు. "ఆయ్, కాస్త పక్కకి జరగండి బాబూ!" అని పైనుంచి కేక. తర్వాత దబ్, దబ్.

కాయ దింపడం అందులో చిన్నపనే. పూత ముదురుకాయ కావడానికి దాదాపు 12 నెలలు. అందుకే ఒకే చెట్టున పూత, పిందె, బొండం, ముదురుకాయ అన్నీ ఉంటాయి. ఏ గెల కొయ్యాలో, ఏది వదలాలో అక్కడే తేల్చుకోవాలి. ఎండుమట్టలు లాగేస్తాడు; అవి నా నెత్తిన పడకపోవడం ఆయన చలవే. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టుంటే కొమ్ముపురుగు పని అది. మొవ్వులో వెతికి, ఇనపచువ్వతో గుచ్చి బయటికి లాగుతాడు.

1996 నవంబరు తుఫానుకు కోనసీమలో తోటలకు తోటలే కూలాయి. మా తొమ్మిదీ ఆ తర్వాత నాటి, ఇంతెత్తు ఎదిగినవే. అంత ఎత్తెక్కే మనిషితో చెట్టుకింత అని బేరమాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దిగాక ఒక బొండం చెక్కి నా చేతికిస్తాడు. తనకి మాత్రం టీ కావాలంటాడు.