ఒక్కో దోసెకీ ఓ పొయ్యి

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. టికెట్టు తీసుకుని దిగేవాళ్లం ఆ అంకె చదివి ముందుకెళ్లిపోతాం. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. వివరంగా కొలిచింది మాత్రం 1982, 83ల్లో వచ్చిన డేనియల్ గెబావర్ బృందమే. గుహను కొలవడమంటే ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు దూరం, దిక్సూచి చూపే దిశ, వాలు రాసుకుంటూ పోవడం. పటం తర్వాతి సంగతి.

ఆ కొలతల నుంచి పటం తీసే లెక్క ఇప్పుడు కంప్యూటరుకు వదిలేయొచ్చు. ఆళ్లగడ్డ కుర్రాడొకడు సరదాకి అలాంటి ప్రోగ్రామే రాశాడు. పటం గీసేది సీ ప్లస్ ప్లస్, లెక్క కట్టేది పైథాన్ స్క్రిప్టు. "పటం వచ్చేసరికి శానాసేపు పడతాంది అన్నా, పైథాన్ తీసేద్దామా?" అన్నాడు.

చూస్తే లెక్క క్షణంలో అయిపోతోంది. కానీ కొలతకోసారి ఇంటర్‌ప్రెటర్‌ను మొదలుపెట్టి, మూడంకెలిచ్చి, జవాబు తీసుకుని మూసేస్తున్నాడు. ఒక్కో దోసెకీ పొయ్యి ఆర్పి వెలిగించినట్టు! మామూలు ల్యాప్‌టాప్‌లో పైథాన్ మొదలవడానికి సుమారు 20 మిల్లీసెకన్లు అనుకున్నా, వెయ్యి కొలతలకు 20 సెకన్లు. స్క్రిప్టు భాషలు నెమ్మది అన్న నింద చాలాసార్లు ఇక్కడే పుడుతుందని నా అనుమానం.

మొదలయ్యే ఆ కాస్త సమయంలో పైథాన్ చేసే పనులు చూడాలి. తన లైబ్రరీ ఎక్కడుందో వెతుక్కుంటుంది, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఉందేమో చూస్తుంది, సైట్ ప్యాకేజీల దారులు పోగేసుకుంటుంది. మన గుహ లెక్కకు వీటిలో చాలావాటితో పనే లేదు. పైథాన్ 3.8 నుంచి ఆ దారులేవో మనమే ముందుగా చెప్పి, సైట్ మాడ్యూలును వద్దనవచ్చు. ఏ ఇంపోర్టు ఎంతసేపు తింటోందో 3.7 నుంచి అదే లెక్క చూపిస్తుంది. ముందు అది చూడకుండా కోడు మీద చెయ్యి వేయకూడదు. 2022లో వచ్చిన 3.11 అయితే మొదట్లో కావలసిన మాడ్యూళ్లను తనలోనే ఇముడ్చుకుని 10–15 శాతం త్వరగా లేస్తోంది. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన లువా అనే స్క్రిప్టు భాష మొదటినుంచీ చిన్నదే, ఇంత హడావుడి లేదు. గేములవాళ్లకు అదంటే అంత ఇష్టం ఊరికే కాదు.

అయితే వీటన్నిటికన్నా ముందు ఇంటర్‌ప్రెటర్‌ను ఒక్కసారే లేపి ఉంచుకోవాలి, స్క్రిప్టును ఒక్కసారే కంపైల్ చేసి దాచుకోవాలి. పదేపదే మూసి తెరిస్తే కొన్ని ఎక్స్‌టెన్షన్లు సరిగా పనిచేయవు కూడా.

లేపి ఉంచితే ఇంకో తంటా. గుహలో పాతాళగంగ వైపు కొలతల ఫైలు అడుగుల్లో, కోటిలింగాల వైపుది మీటర్లలో ఉందనుకోండి. మొదటి ఫైలు 'అడుగులు' అని పెట్టిన గ్లోబల్ వేరియబుల్ రెండో ఫైలుకూ అంటుకుంటుంది. ఆ వైపు గుహ మూడోవంతుకు కుంచించుకుపోతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. అందుకని ఫైలుకో కొత్త డిక్షనరీ ఇచ్చి స్క్రిప్టును అందులో నడపాలి. ఖాళీ డిక్షనరీకి అయ్యే ఖర్చు మిల్లీసెకన్లలో కొలిచేంత కూడా ఉండదు.