కళ్లు తిరగకుండానే కాదనడం

బొద్దింక నాడీమండలాన్ని బయటికి తీయడానికి ఓపిక కావాలి. రెక్కలు కత్తిరించి, మైనం ట్రేలో గుండుసూదులతో బిగించి, మునిగేదాకా నీళ్లు పోయాలి. నీళ్లలో అవయవాలు తేలి విడివిడిగా కనబడతాయి. కత్తెర మొన పైకెత్తి పట్టకపోతే కిందున్నదీ తెగుతుంది. పేగును పక్కకు తప్పిస్తే అడుగున దారప్పోగంత తెల్లటి నరం. దాని కిందికి నల్లకాగితం ముక్క దూర్చితే దాని ముడులన్నీ లెక్కకు వస్తాయి. బైపీసీలో నాకు బాగా పట్టుబడిన పని ఇది. చేతికి నిదానం, కంటికి పదును అక్కడే వచ్చాయి. ఆ విద్యను ఇప్పుడు తక్కువ చేసి మాట్లాడను.

కాకపోతే వద్దనడం ఎలాగో ఆ ల్యాబ్‌లో ఎవరూ నేర్పలేదు. కప్పల బుట్ట వచ్చిన రోజున "కళ్లు తిరుగుతున్నాయి మేడమ్" అన్నవాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రికార్డులో బొమ్మ గీస్తే సరిపోయేది. "దీన్ని చంపడం నాకిష్టం లేదు" అని మాత్రం ఎవరూ అనేవారు కాదు. అంటే నవ్వులపాలే. పైగా ప్రాక్టికల్ మార్కుల భయం. ఒంట్లో బాగాలేదంటే చెల్లేది, మనసొప్పడం లేదంటే చెల్లేది కాదు.

1987లో కాలిఫోర్నియాలో జెన్నిఫర్ గ్రాహం అనే బడిపిల్ల ఆ రెండో మాటే అంది. కప్పను కోయనంది, మార్కులు తగ్గిస్తే కోర్టుకెక్కింది. ఆ మరుసటి ఏడే ఆ రాష్ట్రంలో విద్యార్థికి కాదనే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. ఇటలీ 1993లో జంతు ప్రయోగాలకు మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లు తప్పుకోవచ్చని చట్టం చేసింది.

మన దారి వేరు. రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే పదిహేడో సెక్షన్ ఉంది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలతో పాఠం సాగేటప్పుడు కాలేజీల్లో జంతువుల మీద ప్రయోగాలు మానుకోవాలంటుంది. అయితే అది సంస్థకు చెప్పిన మాట, బల్ల ముందు నిలబడ్డ పిల్లకు ఇచ్చిన హక్కు కాదు.

మిగతా కథలో మా బెంగళూరుకూ పాత్ర ఉంది. కాలేజీలకు గ్రేడులిచ్చే, నాగరభావిలోని న్యాక్‌కు అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్న హెచ్.ఎ. రంగనాథ్ అధ్యక్షతన యూజీసీ నిపుణుల సంఘం వేసింది. 2011లో మార్గదర్శకాలు వచ్చాయి. డిగ్రీ పిల్లలు కోయనక్కర్లేదు, అధ్యాపకులే ఒక్క జాతిని కోసి చూపించాలి. పీజీ వాళ్లు కోతో, ప్రాజెక్టో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. 2014లో యూజీసీ జువాలజీ, లైఫ్ సైన్సెస్ కోర్సుల్లో డిసెక్షన్‌నే ఎత్తేసింది.

కప్పల పక్షాన చూస్తే అదే మంచి తీర్పు. ఎంచుకునే హక్కు ఎంత గొప్పదైనా, కోస్తానన్నవాడి ట్రేలోని కప్పను అది కాపాడదు. నిషేధం కాపాడుతుంది. అందుకు సంతోషమే. విద్యార్థి పక్షాన చూస్తేనే ఒక వెలితి. 2011లో పీజీ వాళ్ల చేతికొచ్చిన ఆ కాస్త ఎంపిక మూడేళ్లకే అవసరం లేకుండా పోయింది. కోయమన్నప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు, మానమన్నప్పుడూ పిల్లల్ని అడిగినవాళ్లు లేరు. రెండూ సర్క్యులర్లే.

ఇక్కడ బెంగళూరులోనే బీఎస్సీ చదువుతున్న మా మేనకోడలు మొన్న ఫోన్‌లో అంది: "బ్లడ్ గ్రూప్ ప్రాక్టికల్ అత్తా. వేలు గుచ్చుకోమన్నారు. నాకిష్టం లేదు, అందరి ముందూ నా గ్రూపు ఎందుకు చెప్పాలి? కళ్లు తిరుగుతాయని చెప్పి తప్పించుకున్నా."

కప్ప పోయినా సాకు పోలేదు! అందుకే నాకు తోచేదొకటే. ఏడాది మొదట్లోనే ప్రాక్టికల్స్ జాబితా నోటీసు బోర్డులో పెట్టాలి. ఇష్టం లేని ప్రతి దానికీ పక్కనే అదే బరువున్న మరో పని, అవే మార్కులు ఉండాలి. కారణం అడిగితే వినడానికే అడగాలి. రేపు ఆస్పత్రిలోనో, మందుల కంపెనీలోనో తప్పు పని చెయ్యమన్నప్పుడు ఈ పిల్లలే కాదనాల్సి వస్తుంది. ఆ మాట తొలిసారి అనడానికి మార్కులు పోని ల్యాబ్ కన్నా మంచి చోటు ఎక్కడుంది?