సుమతి శతకమున నివాసయోగ్యత – చెన్నపురి పేటలకు దాని యన్వయము

ఊరు వాసయోగ్యమో కాదో నిర్ణయించుటకు తెలుగు బాలుడు మొట్టమొదట నేర్చు సూత్రము సుమతి శతకములోనిది. ఋణదాత, వైద్యుడు, నిత్యప్రవాహముగల నది, ద్విజుడు – ఈ నాలుగును కుదిరిన చోట కాపురముండుమనియు, కుదరనిచో నా యూరి పొలిమేర త్రొక్కవలదనియు నా పద్యతాత్పర్యము. శతకకర్త బద్దెన యని ప్రసిద్ధి. దానిని గూర్చి పండితులలో నేకాభిప్రాయము లేదు. ఆ వివాద మిచ్చట నప్రస్తుతము. పిల్లలచే కంఠస్థము చేయించి పిమ్మట మనము మరచిపోవు నీ పద్యము, మహానగరమున ఏ పేటలో నిల్లు తీసికొందమా యని తర్కించు గృహస్థునకు ప్రమాణము కాగలదా? కాగలిగినచో నందేది నిలుచును, ఏది మారును? ఇదియే యీ వ్యాసవిషయము. ఉదాహరణముగా నేను నివసించు చెన్నపురినే గ్రహించితిని.

ముందుగా మూలవిచారము. ఈ భావము తెలుగుకవి స్వకపోలకల్పితము కాదు. నారాయణపండితుని హితోపదేశమున ఇట్టి నాలుగే – ఋణదాత, వైద్యుడు, శ్రోత్రియుడు, జలముగల నది – లేనిచోట నివసింపరాదని యున్నది. చాణక్యనీతి పేర వ్యాప్తిలోనున్న సంకలనమున ధనికుడు, శ్రోత్రియుడు, రాజు, నది, వైద్యుడు అని యైదు చెప్పబడినవి. తెలుగుకవి రాజును విడిచి హితోపదేశమార్గమునే యనుసరించెను. అయినను అనువాదమాత్రముతో తృప్తి నొందలేదు. సంస్కృతమున నున్నది నిషేధము మాత్రమే. తెలుగున విధియు నిషేధమును రెండును గలవు. సంస్కృతమున నదికి నీరున్న చాలును; తెలుగున నది యెన్నడును తెగక పారవలెను. పద్యమునకు పకారద్విత్వము ప్రాస. 'ఎప్పుడు' అను మాట ప్రాసకొరకే వచ్చియుండవచ్చును. కాని వచ్చిన మాట యర్థమును పెంచినది. వేసవిలో నెండు నేళ్లను చూచి యెరిగిన ప్రజల భాషలో, నీరున్న నదికిని నిత్యము నీరుండు నదికిని గల యంతర మీ యొక్క మాటవలననే పద్యమున కెక్కినది. ప్రాస కవికి బంధమే కాదు, ఒక్కొక్కప్పుడు మార్గదర్శియు నగు ననుట కిది చక్కని నిదర్శనము.

ఇక నన్వయము. మొదటి రెండు లక్షణములు నగరమున క్లేశము లేకయే సిద్ధించును. ఋణదాత స్థానమున బ్యాంకు వెలసినది. అద్దె యింటికి పది నెలల యడ్వాన్సు నడుగు నాచారమునకు పేరుపడిన యీ నగరమున ఆ ఋణమవసరము ముందుగానే కలుగును. వైద్యుడు లేని పేట యరుదు. కావున నీ రెండింటిచేత నొక పేటను గ్రహించి మరియొకదానిని విడుచుట కవకాశము తక్కువ.

మూడవదగు నది విషయమున పద్యము తలక్రిందులైనది. కూవము, అడయారు నగరమధ్యమునుండియే ప్రవహించుచున్నను, వాని నీటికై తీరమున నిల్లు వెదకువారు లేరు. 2015 డిసెంబరు వరదలలో అడయారు పొంగి సైదాపేట, కోట్టూరుపురము ప్రాంతముల నిండ్లను ముంచెను. నాటినుండి ఇల్లు చూడబోవువాడు నది యెంత దగ్గర యని కాక, నది యెంత దూరమని యడుగుచున్నాడు. అయినను పద్యములోని 'ఎప్పుడు' అను షరతు మాత్రము సడలలేదు. 2019 వేసవిలో పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాక్కము జలాశయములు నాలుగును దాదాపు ఎండిపోగా, జులై నెలలో జోలార్‌పేటనుండి రైళ్లలో నీరు తేవలసివచ్చెను. అందుచే మెట్రోనీరు వచ్చునా, లారీనీటికై కాచుకొనవలెనా, బోరునీరు తియ్యనిదా ఉప్పనిదా అను ప్రశ్నలు నేటి గృహస్థుని నోట ముందుగా వెడలుచున్నవి. ఇవి శతకకారుని ప్రశ్నలే. మాటలు మాత్రము మారినవి. ఈ నగరమునకు దాహము తీర్చు నీటిలో నొక భాగము కృష్ణానదిది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకైదు టి.ఎం.సి.లు తమ వంతునుండి విడువ నంగీకరింపగా, తెలుగుగంగ కాలువ ద్వారా 1996లో నా నీరు పూండికి చేరెను. ఏరున్న చోటికి మనుష్యుడు పోవలెనని పద్యము. మనుష్యులున్న చోటికి ఏటిని తెచ్చుట నేటి కాలము.

నాలుగవదానిని గూర్చి జాగ్రత్తగా మాటాడవలెను. 'ద్విజుడు' అను పదమును వర్ణపరముగా గ్రహించి పద్యమును త్రోసిపుచ్చువారున్నారు. నాటి సమాజమున విద్య కొందరికే పరిమితమై యుండెననుట సత్యము. దానిని కప్పిపుచ్చ బనిలేదు. కాని మూలమునందలి శ్రోత్రియ శబ్దమును చూచినచో, జాబితాలో నా స్థాన మెందులకో తెలియును. ధనము, ఆరోగ్యము, జలము దేహయాత్రకు వలసినవి. వాని సరసన నాలుగవదిగా నిలిచినది విద్య. హితోపదేశముననే వేరొక శ్లోకము గౌరవము, జీవనోపాధి, బంధువులు, విద్యాప్రాప్తి లేని దేశమును విడువుమని చెప్పుచు నీ యర్థమును విస్పష్టము చేయుచున్నది. అట్లగుటచే ద్విజుని స్థానమున నేడు నిలుపదగినది ఏ యొక కులమును గాదు, అన్ని కులముల బిడ్డలును కూర్చుండు పాఠశాల. ప్రవాసాంధ్రున కా పాఠశాల తెలుగు చెప్పునదియు కావలెను.

ఇచ్చటనే మన నిత్యవ్యవహారమునకును పద్యమునకును దూరము కనుపట్టుచున్నది. తెలుగువారీ నగరమునకు క్రొత్తవారు కారు. జార్జిటౌను వీధులలో వర్తకము, దేవాలయము, ముద్రణాలయము, పాఠశాల ఒకదాని నొకటి యాశ్రయించి పెరిగినవి. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రణాలయ మీ నగరముననే వర్ధిల్లెను. కన్యకాపరమేశ్వరీ దేవస్థానము కొత్వాలుచావడి చెంతనే వెలసి విద్యాలయములను నడపెను. 1996లో కొత్వాలుచావడి కూరగాయల టోకు వర్తకము కోయంబేడునకు తరలెను. అంగడి కదలినప్పుడు కుటుంబములును కదలుట సహజము. పిమ్మట దక్షిణమున పాతమహాబలిపురము మార్గము పొడవునను కంప్యూటరు సంస్థలు వెలసి, యువకులను వేళచ్చేరి, పెరుంగుడి, షోళింగనల్లూరుల వైపు లాగికొన్నవి. తెలుగు పాఠశాలలలో పెక్కు మాత్రము పాతపేటలలోనే నిలిచిపోయినవి. ఉపాధ్యాయుడనగుటచే నే నెరిగిన సంగతి యొకటి చెప్పెదను: కుటుంబము పేట మారిన యేడాదియే బాలుని పేరు తెలుగు తరగతి హాజరుపట్టీనుండి తొలగును. తలిదండ్రులు భాషను ద్వేషించి కాదు. ఇల్లు చూచునాడు ఆ ప్రశ్న వారికి తట్టలేదు.

పద్యమున కొక లోపమును గలదు. కుదరనిచోట ప్రవేశింపకుమని చెప్పుట, ప్రవేశింపకుండుటకు స్వేచ్ఛ గలవానికే చెల్లును. ఈ నగరమున వీధులను శుభ్రపరచు కార్మికులలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. పని యెచ్చటనో వారి గుడిసె యచ్చట. 2000 ప్రాంతమునుండి నగరమధ్యపు పేదలలో ననేకులు కణ్ణగినగరమునకు, పిమ్మట పెరుంబాక్కమునకు తరలింపబడిరి. వారిని ఏ శతకకారుడును సలహా యడుగుమనలేదు, ఏ యధికారియు నిష్ట మడుగలేదు. బొంబాయిలో తెలుగు కమాటీల పేరుమీదుగా కామాఠిపుర మేర్పడినది; ఆ పేటను వారు నాలుగు లక్షణములు చూచి యెన్నుకొనలేదు, కూలి దొరకుటచే చేరిరి. కావున పేటను ఎన్నుకొనగలిగిన వారి బాధ్యత, ఎన్నుకొనలేని వారిని బట్టి ద్విగుణమగుచున్నది.

ఏలయన, నాలుగు లక్షణములలో మూడింటికిని నాలుగవదానికిని స్వభావభేద మున్నది. పది కుటుంబములు చేరినంతమాత్రమున బ్యాంకు రాదు, ఆసుపత్రి రాదు, ఏరు రాదు. తెలుగు తరగతి మాత్రము వచ్చును. వారు చెదరినచో పోవును. 1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. కాని బెంచీలపై బిడ్డలు లేనిచో నధికరణము కాగితమున నుండును. తమిళనాట 2006 నాటి చట్టము ఒకటవ తరగతితో నారంభించి, క్రమముగా పదవ తరగతివరకు తమిళమును నిర్బంధపాఠ్యముగా చేసినది. ఈ గడ్డ భాషను మన బిడ్డలు బాగుగా నేర్చుట ధర్మము, లాభమును. దాని ప్రక్కన తెలుగునకు దినమున నొక గంట మిగులుట మాత్రము చట్టమువలన గాక సంఖ్యవలన జరుగవలసిన పని.

శతకకారుడు నాలుగును సిద్ధముగా నున్న యూరిని వెదకికొమ్మనెను. మహానగరమున నట్టి పేట దొరకుట దుర్లభము. మూడింటిని వెదకికొనవలెను, నాలుగవదానిని చేరి నిర్మించుకొనవలెను. క్రొత్తపేటకు పోవు తెలుగు కుటుంబము, అచ్చట పది తెలుగు గడప లున్నవా, తెలుగు చెప్పు బడికి బిడ్డ యొంటరిగా పోగలంత దూరమేనా, లేనిచో సాయంకాలపు తరగతి కొక గది దొరకునా యని నీటి ప్రశ్నతోపాటు విచారించినచో చాలును. అద్దె యొడంబడికపై చేవ్రాలు చేయుటకు ముందు జరుగవలసిన విచారణ యిది. తరువాత చేసిన విచారణవలన ఫలము స్వల్పము.